దిక్కులేని ప్లీహం

యాళ్ల ఆదెమ్మ కాలేయం ఆదెమ్మది కాదని తేలిన రోజున డాక్టర్ హైమ నవ్వాలో ఏడవాలో తెలియక ముందు నవ్వేసింది. అది పొరపాటు. ఆ మాటన్నది సాక్షాత్తూ ఆస్పత్రి డైరెక్టరు గారు. ఆయనకి పరాచికాలాడే అలవాటు పుట్టిన దగ్గర్నించీ లేదు.

అసలేం జరిగిందంటే, డైరెక్టరు శేషఫణి గారు ఆ ఎండాకాలం కొండమీద ఓ చల్లటి హోటల్లో నాయకత్వ శిక్షణకని వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు పాపం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ‘యాజమాన్య భావన’ అనే మాటొకటి అంటించుకొచ్చారు. ఎవరి పనిని వాళ్ళు సొంత ఆస్తిలా చూసుకుంటే సంస్థ దానంతటదే బాగుపడుతుందట. బాగానే ఉంది. కానీ విన్న మాటని విన్నచోటే వదిలేసి వస్తే ఆయన డైరెక్టరు ఎలా అవుతారు? వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. “ఇందుమూలముగా ఈ వైద్యశాలయందు చేరిన యావన్మంది రోగుల సమస్త అవయవములూ సంబంధిత విభాగాధిపతుల యాజమాన్యమునకు దఖలు పరచడమైనది. సదరు అధిపతుల ముందస్తు అనుమతి లేనిదే బయటి పదార్థమేదియూ వారి అవయవములందు ప్రవేశించరాదు.”

అధిపతులు పొంగిపోయారు. అంతవరకూ తమ సంతకం మీద తప్ప దేనిమీదా హక్కులేని మనుషులకి ఒక్కసారిగా వార్డుల నిండా ఆస్తులొచ్చి పడ్డాయి మరి. పొద్దున్నే రౌండ్లకి బయల్దేరితే, గట్టుమీద నిలబడి చేను చూసుకునే రైతుల్లా మంచాల మధ్య నిలబడి చూసుకునేవారు. చూస్తుండగానే వాళ్ళ అసలు పేర్లు మరుగున పడిపోయాయి. గుండె గారు వచ్చారనీ, కిడ్నీల గారు సెలవనీ, ఊపిరితిత్తుల గారు టీ తాగుతున్నారనీ చెప్పుకోవడం నర్సులకి, ఆయాలకి అలవాటైపోయింది.

హైమకి మాత్రం ఏ అవయవమూ దక్కలేదు. ఆవిడ క్యాన్సర్ విభాగంలో చిన్న డాక్టరు. క్యాన్సరు ఎక్కడపడితే అక్కడ కాపరం పెడుతుంది కనక దానికి సొంతిల్లు లేదని, ఆ విభాగం మొత్తాన్ని అద్దెకున్నవాళ్ళ కింద జమకట్టారు. ఆవిడేం చిన్నబుచ్చుకోలేదు. ఆవిడ ధ్యాసంతా తన రేణువుల మీద ఉంది.

ఆ రేణువుల గురించి కాస్త చెప్పుకోవాలి. అవి కంటికి ఆనని ఇనుప రేణువులు. ఒక్కోదాని ఒంటినిండా చిల్లులు. ఆ చిల్లుల్లో మందు నింపితే, కాజా పాకం పీల్చినట్టు పీల్చి పట్టుకుంటాయి. చేతి నరంలోంచి ఎక్కించి, జబ్బున్న చోట ఒంటిమీద అయస్కాంతం పెడితే, రక్తంలో కొట్టుకుపోయేవి కాస్తా అక్కడికి చేరి ఆగుతాయి. ఆగి, తీరిగ్గా మందు వదుల్తాయి. ఒళ్ళంతా మందు పారించి, జుట్టూ ఆకలీ ఊడగొట్టే బాధ తగ్గుతుంది. ఇంకో సుగుణం, స్కాన్ తీస్తే అవి నల్లగా కనబడతాయి. మందు ఎక్కడికి వెళ్ళిందో, ఎంత వెళ్ళిందో కళ్ళారా చూసుకోవచ్చు. హైమ తన పెళ్ళి సంబంధాలు కూడా వాయిదా వేసుకుంటూ వాటి వెనక తిరిగింది. పైనించి రావలసిన అనుమతులన్నీ వచ్చి, ఇక మనిషికి ఇవ్వడమే తరువాయి.

ఆ మొదటి మనిషి ఆదెమ్మ. ఆస్పత్రి గేటు ఎదురుగా కర్రీ పాయింటు నడిపేది. భర్త పోయాక ఆ కొట్టుతోనే ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసిన గట్టి మనిషి. కాలేయంలో గడ్డ పుట్టి, పెద్ద రక్తనాళాన్ని కరుచుకుని కూచుంది. కత్తి పెట్టడానికి వీల్లేదు. మామూలు మందులు ఎక్కించి చూస్తే ఆవిడ తట్టుకోలేక మంచం పట్టింది. ఈ రేణువులు తప్ప ఇంకో దారి లేదని హైమ దాచకుండా చెప్పేసింది.

“పని చెయ్యకపోతే ఏంటమ్మా?” అంది ఆదెమ్మ.

“చెయ్యకపోవచ్చు పిన్నిగారూ. చేస్తుందనే నా నమ్మకం.”

“నీ నమ్మకం నాకు చాల్లే. ఎక్కించెయ్యి.”

ముందుగా మందు నింపని ఖాళీ రేణువులు ఎక్కించి, దారి ఎలా ఉందో చూసుకోవాలి. ఎక్కించారు. స్కాన్ తీశారు. తెరమీద గడ్డ చుట్టూ నల్లగా మూగిన రేణువుల్ని చూసి హైమ చప్పట్లు కొట్టేసింది. సరిగ్గా అప్పుడే ఊపిరితిత్తుల గారు వేరే పనిమీద ఆ గదిలోకి వచ్చారు. అంతకు కాసేపు ముందు తీసిన బొమ్మలు పక్క తెరమీద తిరుగుతున్నాయి. వాటిలో, ఆదెమ్మ ఛాతీలో, అంటే ఆయన ఆస్తిలో, సన్నగా మసకలాంటిది కదిలిపోతోంది. అదేమిటని అడిగారు. రేణువులేననీ, నరంలో ఎక్కించింది ఏదైనా గుండెకీ, అక్కణ్ణించి ఊపిరితిత్తులకీ వెళ్ళే ముందుకు పోవాలి కదా అనీ హైమ చెప్పింది.

“పోవాలి సరే. ఎవర్నడిగి పోయాయి?” అన్నారాయన.

సాయంత్రానికల్లా సమావేశం. డైరెక్టరు గారి బల్ల చుట్టూ అవయవాలన్నీ కూచున్నాయి. హైమ ఉన్న సంగతి చెప్పుకుంది. ఈ ఆస్పత్రిలో ఇచ్చే ప్రతి సూదిమందూ గుండెలోంచీ ఊపిరితిత్తుల్లోంచీ వెళ్తూనే ఉందనీ, అందరూ ఇవాళ పొద్దున కూడా అలాంటివి రాసే ఉంటారనీ, లేనిపోని తగువు తన రేణువులకే ఎందుకనీ అడిగింది. అందరూ డైరెక్టరు గారి వంక చూశారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

“చూడమ్మా. మిగతా మందులు వెళ్తున్నట్టు సంబంధిత విభాగాల దృష్టికి రాలేదు. దృష్టికి రానిది జరగనట్టుగానే పరిగణించబడును. నీ రేణువులు దృష్టికి వచ్చాయి. పైపెచ్చు ఫిల్ముతో సహా వచ్చాయి. ఇప్పుడు జరగలేదని మేమెలా అనగలం?”

ఆదెమ్మ ఒప్పుకుని వేలిముద్ర కూడా వేసింది కదండీ, కాలేయం ఆవిడదే కదా అని హైమ. ఆదెమ్మ కాలేయం ఆదెమ్మది కాదని డైరెక్టరు గారు అప్పుడే సెలవిచ్చారు. హైమ నవ్వింది కూడా అప్పుడే.

“నవ్వులాట కాదు. కాలేయం కాలేయం గారిది, గుండె గుండె గారిది. రోగికి తన శరీరం మీద మొత్తంగా అధికారం ఉన్నట్టు ఏ ఉత్తర్వులోనూ లేదు. ఉంటే చూపించు, శిరసావహిస్తాను,” అన్నారాయన.

హైమ ఎక్కణ్ణించి తెచ్చి చూపిస్తుంది? దారిలో ఉన్న అవయవాలన్నింటి దగ్గరా అభ్యంతరం లేదని కాగితాలు తెచ్చుకోవాలని, అంతవరకూ మందు రేణువులు ఎక్కించరాదని తీర్మానించి లేచారు. అప్పటికే మందు నింపి ఫ్రిజ్‌లో పెట్టిన సీసాలున్నాయి. అవి నెలాఖరు దాటితే మందంతా కారిపోయి మళ్ళీ వట్టి ఇనుపపొడి అయిపోతుంది. కొత్తవి తయారవ్వాలంటే మళ్ళీ నెలలు కావాలి. ఆదెమ్మ గడ్డకి అంత ఓపిక లేదు. ఆ రాత్రి హైమకి కంటిమీద కునుకు లేదు.

మర్నాటి నించి ఆస్పత్రి మెట్లెక్కీ దిగీ ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. గుండె గారు మర్యాదస్తుడు. అభ్యంతరం లేదని రాసిచ్చి, కింద చిన్న షరతు పెట్టారు. తన గుండె విధి నిర్వహణకి ఆటంకం రాకూడదు కనక, ఒకసారి కొట్టుకోవడానికీ ఇంకోసారి కొట్టుకోవడానికీ నడుమనున్న విరామంలో మాత్రమే రేణువులు దాటవలెను. కిడ్నీల గారికి అసలు నమ్మకం కుదర్లేదు. తన దగ్గరికి వచ్చేవన్నీ బయటికి పోవడానికే వస్తాయనీ, ఇవి పోవంటున్నప్పుడు ఊరికే వచ్చి చూసిపోవడమేమిటనీ ఆరా తీసి తీసి, ఆఖరికి సంతకం పెట్టారు. మెదడు గారు కుర్చీలోంచి లేవకుండానే, రక్తానికీ తమకీ మధ్య మొదట్నించీ సరిహద్దు గోడ ఉందనీ, ఇలాంటివాటిని రానిచ్చే వంశం కాదనీ, అంచేత సంతకం పెట్టే అవసరమే లేదనీ చెప్పి, అవసరం లేదని సంతకం పెట్టిచ్చారు. కాలేయం గారైతే అలిగి కూచున్నారు. పెళ్ళి తమ ఇంట్లో అయితే శుభలేఖ ఊరంతా పంచి ఆఖర్న తమకి తెస్తారా అని ఆయన బాధ. హైమ కాఫీ తెప్పించి బతిమాలింది. ఊపిరితిత్తుల గారికి క్షమాపణ పత్రం కావాలి. ఇక మీదట మా రేణువులు తమ ఊపిరితిత్తులలో నిలబడవని, అటూ ఇటూ చూడకుండా పోతాయని, రేణువుల తరఫున హైమ రాసిచ్చింది.

అన్నీ పట్టుకెళ్ళి డైరెక్టరు గారి ముందు పెట్టింది. ఆయన ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూశారు. పొట్టలో ఎడంపక్కన, పక్కటెముకల చాటున, కాలేయం తర్వాత అంత నల్లగా ఉన్న చిన్న ముద్ద ఒకటి కనబడింది. అదెవరిదని అడిగారు. ప్లీహమండీ అంది హైమ. ప్లీహం ఎవరిదని ఆయన. అక్కడే వచ్చింది చిక్కు. ప్లీహం ఎవరిదీ కాదు.

కడుపు గారిని పిలిపిస్తే, పొరుగున ఉన్న మాట నిజమే గానీ రాకపోకల్లేవన్నారు. రక్తనిధి గారిని పిలిపిస్తే, రక్తం సంచీలోకి వచ్చాకే తన పరిధిలోకి వస్తుందనీ, ఒంట్లో ఉన్నంతసేపూ దాని నడవడికకి తాను బాధ్యుణ్ణి కాననీ తేల్చేశారు. యజమాని లేనిదే అనుమతి లేదు, అనుమతి లేనిదే మందు లేదు. ప్లీహాధిపతి అనే కొత్త ఉద్యోగం మంజూరు చెయ్యమని ప్రభుత్వానికి రాస్తానని డైరెక్టరు గారు హామీ ఇచ్చారు. అది తేలేసరికి ఎంత కాలం పడుతుందని హైమ అడిగితే, తన హయాంలో తేలకపోవచ్చన్నారు.

హైమ తిన్నగా వార్డుకి వెళ్ళి ఆదెమ్మ మంచం పక్కన స్టూలు మీద కూలబడింది. ఆదెమ్మ చెంపలు లోపలికి పోయాయి. కళ్ళు పచ్చబడుతున్నాయి. ఆ మొహం చూసేసరికి హైమకి దుఃఖం ఆగలేదు. ఏళ్ళ తరబడి చేసిన మందు ఫ్రిజ్‌లో ఉండి, మనిషి మంచం మీద ఉండి, మధ్యలో ఈ దిక్కుమాలిన ప్లీహం అడ్డొచ్చిందని చెప్పుకుని ఏడ్చింది. ఆదెమ్మ అంతా విని, పొట్ట ఎడంపక్కన చెయ్యేసుకుంది.

“అయ్యో, ఇన్నాళ్ళూ నోరెత్తకుండా పడుంది కదమ్మా పాపం. దిక్కులేనిదైతే నువ్వే పెంచుకోకూడదా?”

ఆవిడ వేళాకోళానికే అంది. హైమ మాత్రం కళ్ళు తుడుచుకుని లేచింది. కొత్త ఉద్యోగం మంజూరయ్యే వరకూ ప్లీహం బాధ్యతలు అదనంగా తాను చూస్తానని, అదనపు జీతం అక్కర్లేదని అర్జీ పెట్టింది. జీతం అక్కర్లేదన్న ముక్క డైరెక్టరు గారికి ఎంతో నచ్చింది. అద్దెకున్న అమ్మాయిలో యాజమాన్య భావన మొలకెత్తిందని మురిసిపోయి, మెట్ల కింద చీపుర్లు పెట్టే గది ఖాళీ చేయించి, బయట ‘ప్లీహ విభాగము’ అని బోర్డు రాయించారు. ప్లీహ గారు అభ్యంతరం లేదని సంతకం పెట్టారు. హైమ ఆ కాగితం అందుకుని ప్లీహ గారికి కృతజ్ఞతలు రాసింది. ఇద్దరూ ఆవిడే.

ఇక అయిపోయిందనుకుంది పిచ్చి తల్లి. డైరెక్టరు గారు కాగితాలన్నీ చదివి, షరతులు అమలగునో లేదో చూసేదెవరన్నారు. గుండె విరామంలోనే దాటినట్టు, ఊపిరితిత్తుల్లో నిలబడనట్టు స్కాన్‌లో రుజువు కావాలి. ఒక్క రేణువు అతిక్రమించినా మొత్తం రద్దు. నరంలో పడ్డ ఇనుపపొడి గుండె ఎప్పుడు కొట్టుకుంటుందో కనిపెట్టుకుని ఎలా దాటుతుందండీ అంటే, శిక్షణ ఇవ్వమన్నారు. నెలాఖరు ముంచుకొస్తోంది.

హైమకి ఒళ్ళు మండిపోయింది. మెట్ల కింద గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ప్లీహాధిపతి హోదాలో ఉత్తర్వు రాసి అన్ని విభాగాలకీ పంపింది. “శరీరమందలి రక్తము నిరంతరాయముగా మా ప్లీహము గుండా ప్రవహించుచున్నది. కావున ఏ విభాగము వారు ఏ మందు ఇచ్చిననూ మా ముందస్తు అనుమతి తప్పనిసరి. దృష్టికి రాలేదను సాకునకు తావులేకుండా, ఇకపై అన్ని మందులలోనూ మా రేణువులు చిటికెడు కలిపి స్కాన్‌లో పరిశీలించబడును.”

గంటలో ఆస్పత్రి ఆస్పత్రంతా స్తంభించింది. గుండె గారి రోగులకి గుండెమందు ఆగింది, కడుపు గారి రోగులకి కడుపుమందు ఆగింది. ప్రాణం మీదికొచ్చిన కేసుల కాగితాలకి మాత్రం హైమ చదవకుండానే సంతకాలు పెట్టి పంపేసింది, ఆవిడ ఎంతైనా డాక్టరు. మిగతా అధిపతులంతా మెట్ల కింద గది ముందు వరసలో నిలబడ్డారు. లోపల ఒకటే కుర్చీ, గుమ్మమేమో పొట్టిది కావడాన, వచ్చినవాళ్ళందరూ నడుం వంచి తలుపులోంచి మాట్లాడాల్సొచ్చింది. మెదడు గారు తనకి గోడ ఉందని ఏదో అనబోతే, గోడ ప్లీహానికి వర్తించదని హైమ చెప్పింది. చివరికి డైరెక్టరు గారే దిగొచ్చారు.

“ఇదేం అన్యాయమమ్మా?” అన్నారు, గుమ్మం తగలకుండా తల వంచుకుని.

“అన్యాయం కాదండీ, యాజమాన్య భావన. మీరు పొద్దున రక్తపోటు మాత్ర వేసుకున్నారా?”

“వేసుకున్నాను.”

“అది నా పరిధిలోంచి వెళ్ళింది. అనుమతి ఉందాండీ?”

ఆయన తాను రోగిని కానన్నారు. మాత్ర వేసుకున్నవాళ్ళు రోగులు కాకపోతే ఎవరు రోగులో ఉత్తర్వు ఇప్పించమని హైమ వినయంగా అడిగింది. ఆయనకి నిజంగానే రక్తపోటు పెరిగింది. రెండో మాత్ర వేసుకోవాలంటే మళ్ళీ ఈ అమ్మాయి సంతకమే కావాలి. అక్కడే, మెట్ల మీద కూచుని, అధిపతులతో అత్యవసర సమావేశం జరిపారు.

ఉత్తర్వు రద్దు చేద్దామని ఎవరూ అనలేదు. చేతికొచ్చిన ఆస్తి ఎవరొదులుకుంటారు? డైరెక్టరు గారు చాలాసేపు ఆలోచించి మార్గం కనిపెట్టారు. కనబడటమే సమస్య అయినప్పుడు కనబడకుండా చూడటమే పరిష్కారమన్నారు. ఆదెమ్మకి మందు ఎక్కించి స్కాన్ తీసేటప్పుడు తెరమీద ఆపరేషన్ థియేటర్ ఆకుపచ్చ గుడ్డ కప్పాలి. కాలేయం వచ్చే చోట మాత్రం కన్నం ఉంచాలి. కన్నంలోంచి కనబడేది కాలేయం గారి దృష్టికి వస్తుంది, ఆయనకి అభ్యంతరం లేదు. మిగతావి ఎవరి దృష్టికీ రావు కనక జరగనట్టే. ప్లీహ గారు కూడా తన ఉత్తర్వుని తదుపరి ఉత్తర్వుల వరకూ పక్కన పెట్టాలి. హైమ సరేనంది. ఆ క్షణంలో ఆవిడ గోనెసంచీ కప్పుకోమన్నా కప్పుకునేదే.

గుడ్డ కత్తిరించేటప్పుడు కాలేయం గారు టేపు పట్టుకుని పక్కనే ఉన్నారు. కన్నం పెద్దదైతే పక్కవాళ్ళ హద్దులోకి పోతుందని ఆయన భయం. నెలాఖరు ఇంకా రాకముందే, ఆదెమ్మ చేతి నరంలోకి మందు రేణువులు దిగాయి. పొట్టమీద అయస్కాంతం పెట్టి హైమ ఆవిడ చెయ్యి పట్టుకు కూచుంది. తర్వాత స్కాన్ గదిలో, గుడ్డ కప్పిన తెర ముందు అధిపతులంతా నిలబడి, ఏమీ చూడకుండా చూశారు. కన్నంలో గడ్డ చుట్టూ నల్లగా కమ్ముకుంది. బతికించావురా దేవుడా అనుకుంది హైమ.

నెలాఖరులోగా మందు మళ్ళీ ఎక్కించారు, కొత్త సీసాలు తయారయ్యాక మళ్ళీ ఎక్కించారు. ప్రతిసారీ గుడ్డ కప్పారు. వానాకాలం ముగిసేసరికి గడ్డ సగానికి పైగా కరిగిపోయింది. ఆదెమ్మ కళ్ళలో పసుపు పోయింది, పెట్టిందంతా తిని ఇంకా పెట్టమంటోంది. ఆ బొమ్మ చూసిన రోజున హైమ స్కాన్ గదిలోనే ఒక మూల నిలబడి సంతోషం పట్టలేక వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇక చూడాలి అధిపతుల ఉత్సాహం. ఆ రేణువులు మా గుండెలోంచే వెళ్ళాయని గుండె గారు, ముందు మా మీదుగానే వెళ్ళాయని ఊపిరితిత్తుల గారు, గుడ్డ తీసేసి పాత బొమ్మలన్నీ బయటపెట్టమని పట్టుబట్టారు. చూసిపోవడానికైనా వచ్చాయి కదా అన్నారు కిడ్నీల గారు. గోడ దాకా రానిచ్చింది మేమే అన్నారు మెదడు గారు. పెద్ద సభ పెట్టాలని, మంత్రిగారిని పిలవాలని, వేదిక మీద ఆదెమ్మని నిలబెట్టి ఎవరి అవయవాన్ని వాళ్ళు చూపించాలని డైరెక్టరు గారు నిర్ణయించారు. మంత్రిగారి తారీఖు దొరకలేదు. అందాకా ఆదెమ్మని ఇంటికి పంపడానికి వీల్లేదు. పంపాలంటే ఎవరి అవయవాన్ని వాళ్ళు విడుదల చేస్తూ సంతకం పెట్టాలి, సభ కాకుండా ఒక్కరూ పెట్టరు.

ఆదెమ్మ మొదట్లో నవ్వుతూ వింది. రోజులు గడిచేకొద్దీ ఆ నవ్వు పోయింది. చచ్చిపోతాననుకున్న ఒళ్ళు తనకి తిరిగొచ్చిందనుకుంటే, అది పదిమంది చేతుల్లో ఉంది. ఒకరోజు మధ్యాహ్నం అధిపతులు భోజనాలకి వెళ్ళిన వేళ, ముతక చీర కట్టుకుని, జుట్టు ముడేసుకుని, మెట్ల కింద గదికి వచ్చింది.

“అమ్మా, నా ప్లీహం నీదే కదా?” అంది.

“నాదే పిన్నిగారూ.”

“అదొక్కటీ నాకిచ్చెయ్యి తల్లీ.”

హైమ ఆవిడ మొహంలోకి చూసింది. ‘యాళ్ల ఆదెమ్మ గారి ప్లీహమును సంపూర్ణముగా ఇంటికి పంపడమైనది’ అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చింది. ఆదెమ్మ ఆ కాగితం పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా, ఆవరణ దాటి గేటు దాకా నడిచింది. హైమ వెనకాలే వెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్ కాగితం అందుకుని కూడబలుక్కుని చదివాడు. ఆవిణ్ణి తలనించి పాదాల దాకా ఒకసారి చూసి, మళ్ళీ కాగితం చూశాడు.

“ఇందులో ప్లీహానికే పర్మిషన్ ఉందండి. మరి మిగతాయో?”

“అది ఒంటరిగా ఎలా ఎల్తాది బాబూ?” అంది ఆదెమ్మ. “మిగతాయి దాన్ని దిగబెట్టడానికి వస్తున్నాయి.”

వాచ్‌మన్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఇంటికెళ్ళేవాళ్ళని దిగబెట్టి రావడం మర్యాదే కదా అనుకున్నాడు, గేటు తీశాడు.